పన్ను కట్టని పల్లెలు: చీరాల–పేరాల, పల్నాడు, పెదనందిపాడు ఉద్యమాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్వాతంత్ర్యోద్యమం అనగానే మన పిల్లలు దండి, చంపారన్, బార్డోలీ పేర్లు గడగడా చెప్తారు. పెదనందిపాడు పేరు అడిగితే తల గోక్కుంటారు. అది వాళ్ల తప్పు కాదు, మనం చెప్పలేదు. బడుల్లో మాట్లాడటానికి వెళ్లినప్పుడూ, పెళ్లిళ్లలో భోజనాల దగ్గరా 1921–22 నాటి గుంటూరు జిల్లా ఉద్యమాల గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్నలను ఒకచోట పెట్టాను.

ఈ మూడు ఉద్యమాలూ ఏమిటి? ఒకటేనా, వేరువేరా?

మూడూ అప్పటి గుంటూరు జిల్లాలోనే, ఏడాదిన్నర లోపల జరిగాయి. చీరాల–పేరాలలో మున్సిపాలిటీ పన్నులు వద్దని జనం ఊరే ఖాళీ చేశారు. పల్నాడులో అడవిలో పశువుల మేతకు కట్టే పుల్లరి మానేశారు. పెదనందిపాడులో ఏకంగా భూమిశిస్తే కట్టం అన్నారు. మొదలైన కారణాలు వేరు, నాయకులు వేరు. కానీ మూడుచోట్లా జనం పట్టుకున్న పట్టు ఒకటే: మా చేతులు సాయం పట్టకపోతే ఈ ప్రభుత్వం ఒక్కరోజు కూడా నడవదు.

అప్పట్లో పల్లెటూరి మనిషికి స్వరాజ్యం అంటే ఏం తెలుసు?

చాలా తెలుసు. మనం తక్కువ అంచనా వేస్తాం. 1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్ సహాయనిరాకరణను ఖాయం చేసింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలోనే సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న తీర్మానం అక్కడే అయింది. పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చింది కూడా ఆ రోజుల్లోనే. గాంధీగారిని చూడాలని కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని బెజవాడ చేరారు.

ఆ జనానికి స్వరాజ్యం అంటే ఢిల్లీలో ఎవరు కూర్చుంటారన్న లెక్క కాదు. మా అడవిలో మా ఆవు మేస్తే దొరకి డబ్బు ఎందుకు కట్టాలి? మా ఊరికి మున్సిపాలిటీ కావాలో వద్దో మమ్మల్ని అడగకుండా ఎవరు తేల్చారు? ప్రశ్నలు ఇలా సూటిగా ఉండేవి.

చీరాలలో గొడవ ఎలా మొదలైంది?

చీరాల, పేరాల, పక్కనున్న చిన్న పల్లెలు కలిపి అంతకుముందు ఒక యూనియన్‌గా, అంటే మున్సిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా ఉండేవి. పన్నులు కొద్ది. మద్రాసు ప్రభుత్వం దాన్ని తీసేసి మున్సిపాలిటీ చేసింది. దాంతో పన్నుల భారం ఎన్నో రెట్లు పెరిగింది. జనంలో ఎక్కువమంది నేతగాళ్లు, చిన్నకారు మనుషులు. యూనియనే చాలు, మున్సిపాలిటీ వద్దు మహాప్రభో అని అర్జీలు పెట్టుకున్నారు, ఎవరూ వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే ప్రభుత్వం జీతమిచ్చి ఒక అధికారిని కూర్చోబెట్టి నడిపించింది. స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి పానగల్లు రాజా. ఆయనా తెలుగువాడే. స్వపరిపాలన పేరు పెట్టుకున్న శాఖ ఒక ఊరి ప్రజల మాట వినకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పన్ను కట్టం అన్నవాళ్లలో కొందరిని జైలుకు పంపారు. వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉన్నారు.

ఊరు వదిలి పొమ్మని గాంధీగారే చెప్పారా?

పొమ్మని ఆజ్ఞ వెయ్యలేదు. బెజవాడ సమావేశం అయ్యాక, 1921 ఏప్రిల్ 6న ఆయన చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు. ఒకటి, అహింస తప్పకుండా పన్ను నిరాకరించి వచ్చే శిక్షలన్నీ భరించడం. రెండోది, మున్సిపాలిటీ హద్దులు దాటి వెళ్లిపోవడం. పన్ను వేసే ఊరే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు? జనం రెండోదాన్నే ఎంచుకున్నారు. 15 వేలకు పైగా ఉన్న జనాభాలో 13 వేలకు పైగా మనుషులు ఇళ్లకు తాళాలు వేసి బయటికి నడిచారు. ఊరి బయట పాకలు వేసుకుని ఆ చోటికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు.

అక్కడ ఎలా బతికారు?

ఇక్కడ కాస్త నెమ్మదిగా ఆలోచించమని అడుగుతాను. వెళ్లింది నడి ఎండాకాలంలో. చీరాల సముద్రానికి దగ్గర, నేలంతా ఇసుక. తాటాకు పాక ఎండకి ఉడుకుతుంది, వానకి కారుతుంది. అప్పటిదాకా మట్టిగోడల ఇళ్లలో, పెంకుటిళ్లలో ఉన్నవాళ్లు పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ తీసుకుని అందులోకి మారారు.

నేతగాడి సంగతి ఇంకా కష్టం. మనకి ఇల్లు మారడమంటే సామాన్లు బండెక్కించడం. గుంటమగ్గం అలా కదలదు. నేతగాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేస్తాడు. మకాం మారితే మగ్గం విప్పాలి, కొత్తచోట గుంట తవ్వాలి, రాటలు పాతాలి, పడుగు మళ్లీ సవరించుకోవాలి. ఇసుకనేలలో గుంట గట్టు నిలవడమే కష్టం. పని ఆగిన ప్రతిరోజూ ఇంట్లో పొయ్యి మీద ప్రభావం చూపిస్తుంది. ఇది తెలిసి కూడా వాళ్లు కదిలారు.

అంతటితో ఆగలేదు. రామ్‌నగర్‌లో కులానికి కొందరు ప్రతినిధుల చొప్పున ఎన్నుకుని ఒక సభ పెట్టుకున్నారు. తగాదాలు తీర్చుకోవడానికి పంచాయతీ పెట్టుకున్నారు. కోర్టుకి పోలేదు, పోలీసుల్ని పిలవలేదు. స్వరాజ్యం వచ్చేదాకా కూర్చోకుండా, తాటాకు పాకల మధ్యే దాన్ని నడిపి చూపించారు. దాదాపు పదకొండు నెలలు.

ఇదంతా నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎవరు?

1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదివి వచ్చారు. హాయిగా ఉద్యోగం చేసుకోగలిగిన మనిషి. చీరాలలో ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టి, రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని తయారు చేశారు. నుదుట కుంకుమ, మెడలో రుద్రాక్షమాల, క్రమశిక్షణ. బెజవాడ సమావేశానికి వచ్చిన అంత జనాన్ని అదుపులో పెట్టింది రామదండే. పాట, పద్యం, హాస్యం, భజన అన్నీ ఆయనకి ఉద్యమంలో పనిముట్లే. జనం ఆంధ్రరత్న అని పిలుచుకున్నారు.

ఆయన బరంపురం ఆంధ్రసభకి వెళ్లినప్పుడు మాట్లాడకూడదని నిషేధం పెట్టి అరెస్టు చేశారు. ఏడాది శిక్ష, తిరుచిరాపల్లి జైలు. నాయకుడు లేక, చేతిలో డబ్బు లేక, చివరికి జనం ఇళ్లకు తిరిగి వచ్చారు. 1928లో క్షయతో ఆయన చనిపోయారు. అప్పటికి నలభై ఏళ్లు కూడా లేవు.

పల్నాడులో పుల్లరి అంటే ఏమిటి?

అడవిలో పశువుల్ని మేపుకోవడానికి తలకి ఇంత అని కట్టే పన్ను. పల్నాడు వానలు తక్కువ పడే మెట్ట ప్రాంతం, పశువే ఆస్తి. పూర్వం నుంచి అడవి ఊరివాళ్లదే అన్నట్టు ఉండేది. ప్రభుత్వం అడవిని రిజర్వు చేశాక మేతకి పుల్లరి, కట్టకపోతే పశువుల్ని బందెలదొడ్డికి తోలడం మొదలైంది. కరువులో మేత లేక అల్లాడుతుంటే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి? 1921లో జనం పుల్లరి మానేశారు. విచారించి రమ్మని కాంగ్రెస్ పంపిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి గార్లను అరెస్టు చేశారు.

మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ఆ ప్రాంతంలో పుల్లరి వ్యతిరేక ఉద్యమానికి ముందు నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరిలో పశువుల దగ్గర పోలీసులకూ జనానికీ గొడవై కాల్పులు జరిగాయి. హనుమంతుతో పాటు ఇంకొందరు నేలకొరిగారు.

అధికారులకి మంచినీళ్లు కూడా ఇవ్వలేదంటారు. అది హింస కాదా?

ఈ ప్రశ్న అడిగిన పదో తరగతి అమ్మాయికి నేను మనసులో దండం పెట్టుకున్నాను. అవును, పల్నాడులో అటవీ, రెవెన్యూ అధికారులని సంఘం వెలివేసింది. వంట సరుకులు అమ్మలేదు, చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, బండి దొరకలేదు. వస్తువు అమ్మనని చెప్పే హక్కు, చాకిరీ చెయ్యనని చెప్పే హక్కు ఎవరికైనా ఉంది. ముఖ్యంగా వెట్టిగా చేసిన చాకిరీని ఆపడంలో తప్పేముంది? కానీ దాహంతో ఉన్న మనిషికి నీళ్లు ఇవ్వకపోవడం వేరు. గాంధీగారు కూడా బహిష్కారం పేరుతో మనిషికి తిండి, నీళ్లు, వైద్యం దక్కకుండా చెయ్యడాన్ని ఒప్పుకోలేదు. అక్కడ పల్నాడువాళ్లు గీత దాటారనే నేను అనుకుంటాను. వాళ్ల కోపం అర్థమవుతుంది, అయినా అది గీత దాటడమే.

పెదనందిపాడులో శిస్తు కట్టకపోతే ప్రభుత్వం ఊరుకుందా?

ఊరుకోలేదు. అసలు కథ ఇక్కడే ఉంది. అర్థం కావాలంటే శిస్తు ఎలా వసూలయ్యేదో ముందు చూడాలి.

కలెక్టరు గుంటూరులో ఉంటాడు. రైతు కిస్తు, అంటే శిస్తు వాయిదా కట్టేది ఊళ్లో మునసబు దగ్గర. ఎవరి చేను ఎంత, ఎంత బాకీ అన్నది కరణం లెక్కల్లో ఉంటుంది. దండోరా వేసేది, పిలుచుకొచ్చేది వెట్టివాడు. అంటే సామ్రాజ్యం మొత్తం ప్రతి ఊళ్లోనూ ఈ మూడు నాలుగు జతల చేతుల మీద నిలబడి ఉంది. 1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) గ్రామాధికారులు వరసగా రాజీనామాలు ఇచ్చారు. వంశపారంపర్యంగా వచ్చే ఉద్యోగాలవి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకి వచ్చినదాన్ని వదిలేశారు. హక్కు శాశ్వతంగా పోతుందని ప్రభుత్వం బెదిరించినా వదిలేశారు.

ఇప్పుడు జప్తుకి వచ్చిన అధికారి పరిస్థితి ఊహించండి. ఊళ్లో అడుగుపెట్టాడు. ఫలానా రైతు ఇల్లు ఏది? చెప్పేవాడు లేడు. ఆ గొడ్లచావిట్లో కట్టేసిన ఎద్దు ఎవరిది? కరణం లేడు, మునసబు లేడు. ఎలాగో ఒక జత ఎద్దుల్ని, నాలుగు ఇత్తడి బిందెల్ని పట్టుకున్నాడు అనుకుందాం. దండోరా వెయ్యడానికి మనిషి లేడు. వేలం పెట్టాడు. చుట్టూ ఊరంతా నిలబడి ఉంది, అరుపు లేదు, కేక లేదు. ఒక్కరూ వేలంపాట పాడరు. ఎద్దులకి మేత వెయ్యాల్సింది కూడా ఇప్పుడు సర్కారే. పట్టుకుపోదామంటే బండి బాడుగకి రాదు.

పర్వతనేని వీరయ్య చౌదరిగారు దీనికి నాయకుడు. వేలమంది వాలంటీర్లతో శాంతిసేన కట్టారు. ఆ సేన పని ఎవరినీ కొట్టకుండా, ఎవరూ రెచ్చిపోకుండా చూడటం. ప్రభుత్వం సైన్యాన్ని దింపి ఊళ్ల మీదుగా నడిపించింది. అయినా రాయి పడలేదు. గాంధీగారు వద్దు అనేదాకా పన్నుల్లో నూటికి అయిదు కూడా వసూలు కాలేదని కాంగ్రెస్ చరిత్ర రాసిన పట్టాభి సీతారామయ్యగారు రాశారు.

ఇంత బాగా నడుస్తుంటే ఎందుకు ఆపారు?

గాంధీగారికి మొదటి నుంచీ సందేహమే. పన్నుల నిరాకరణ మొదట తన కళ్ల ముందు, గుజరాత్‌లోని బార్డోలీలో మొదలుపెట్టాలని ఆయన ఆలోచన. ఆంధ్ర కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్యగారికి జనవరిలోనే జాగ్రత్త చెప్తూ ఉత్తరం రాశారు. ఖద్దరు, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనం నిర్మూలన, అహింస, ఈ షరతులు నెరవేరకపోతే పన్ను కట్టెయ్యడమే మేలన్నారు.

ఇంతలో ఫిబ్రవరి మొదటివారంలో ఉత్తరప్రదేశ్‌లోని చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టారు, 22 మంది పోలీసులు చనిపోయారు. కాంగ్రెస్ బార్డోలీలో సమావేశమై దేశమంతా శాసనోల్లంఘన ఆపేసింది. పెదనందిపాడూ ఆగింది.

ఇది న్యాయమా అని నన్ను చాలామంది అడుగుతారు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో జరిగిన తప్పుకి, రాయి కూడా విసరని పెదనందిపాడు రైతు ఎందుకు తల వంచాలి? నా మనసు రైతు వైపే ఉంది. అదే సమయంలో, అప్పటికే సైన్యం ఊళ్లలో ఉంది. ఒక్క ఊళ్లో ఒక్క కుర్రవాడు కర్ర ఎత్తినా ఏమై ఉండేదో తలుచుకుంటే గాంధీగారి భయం కూడా ఊరికే పుట్టింది కాదనిపిస్తుంది. ఈ రెండూ నాలో ఇంకా సర్దుకోలేదు.

మూడూ ఓడిపోయినట్టే కదా? మున్సిపాలిటీ ఉండిపోయింది, శిస్తూ కట్టారు.

ఆ రోజు లెక్కలో అవును. చీరాల ఇప్పటికీ మున్సిపాలిటీయే. కానీ ఆరేళ్ల తర్వాత, 1928లో బార్డోలీలో వల్లభాయ్ పటేల్ గెలిచిన పోరాటాన్ని చూడండి. అక్కడా గ్రామాధికారులు రాజీనామా చేశారు, అక్కడా వేలంలో పాడేవాళ్లు రాలేదు. శిస్తు 22 శాతం పెంచినదాన్ని విచారణ తర్వాత సుమారు 6 శాతానికి దించారు. మనవాళ్లు పెదనందిపాడులో పట్టిన పనిముట్లే అవి. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు ఆంధ్ర తీరంలో ఊరూరా వాలంటీర్లు దొరికారంటే, 1921లో జైలు భయం పోగొట్టుకున్న ఇళ్లు ఉండటం వల్లే అని నేను నమ్ముతాను.

ఇది భూమి ఉన్న రైతుల ఉద్యమం మాత్రమేనా? కూలీలు, దళితులు ఎక్కడ?

శిస్తు ఉద్యమం మటుకు అవును, ఎక్కువగా భూమి ఉన్నవాళ్లదే. భూమి లేనివాడికి కట్టనని చెప్పడానికి కిస్తు ఏదీ? అదే ఊళ్లో దళితవాడకి మంచినీళ్ల బావి దగ్గర స్వరాజ్యం రాలేదు. గాంధీగారు అంటరానితనం షరతు పెట్టినప్పుడు మన నాయకులు చాలామంది దాన్ని ఉద్యమానికి అడ్డంకిలా చూశారు. అది అడ్డంకి కాదు, పునాది. పుల్లరి ఉద్యమం, చీరాల ఉద్యమం ఈ విషయంలో కొంత మెరుగు, పశువుల కాపరులూ నేతగాళ్లూ అందులో ముందున్నారు. అయినా ఈ లోటుని దాచి పిల్లలకి చెప్పకూడదు.

ఆడవాళ్లు పాల్గొన్నారా?

పాల్గొన్నారు. దువ్వూరి సుబ్బమ్మగారు, చిన్ననాడే భర్త పోయిన మనిషి, వేదికలెక్కి మాట్లాడి 1922లో జైలుకి వెళ్లారు. 1921లో కాకినాడకు గాంధీగారు వచ్చినప్పుడు, పన్నెండేళ్ల దుర్గాబాయి దేవదాసీలనూ పరదాలో ఉండే ముస్లిం స్త్రీలనూ ఆయన సభకి తెచ్చింది. ఇవి పుస్తకాల్లోకి ఎక్కిన పేర్లు. రామ్‌నగర్ పాకల్లో పదకొండు నెలలు తడిసిన కట్టెలు ఊదుకుంటూ వంట చేసిన ఆడవాళ్ల పేర్లు పుస్తకాల్లో లేవు. వాళ్లు ఒక్కవారం ఓపిక పట్టకపోయినా ఆ ఉద్యమం ఆ వారమే ముగిసేది.

అల్లూరి ఆయుధం పట్టాడు కదా? అహింస పనిచెయ్యదని కాదా దానర్థం?

సీతారామరాజు ముందు సహాయనిరాకరణ దారిలోనే ఉన్నాడు. ఖద్దరు కట్టాడు, మన్యంలో కల్లు మానమని, కోర్టులు వదిలి పంచాయతీలు పెట్టుకొమ్మని చెప్పాడు. 1922 ఆగస్టులో, అంటే శాసనోల్లంఘన ఆగిన ఆరు నెలలకి, చింతపల్లి స్టేషన్ మీద దాడితో సాయుధపోరు మొదలైంది. ఆయన ధైర్యం ముందు నేను తల వంచుతాను. కానీ పోల్చి చూస్తే, మన్యం పోరులో తుపాకీ పట్టగలిగినవాళ్లు కొన్ని వందలు. పెదనందిపాడులో ముసలమ్మ కూడా పాల్గొనగలిగింది, వేలంలో పాట పాడకుండా నిలబడితే చాలు కాబట్టి. అహింస అంటే పిరికితనం అనుకునేవాళ్లకి గాంధీగారే 1920లో జవాబు రాశారు: పిరికితనం, హింస ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే హింసనే ఎంచుకోమంటానని.

తెలంగాణలో ఇలాంటివి జరగలేదా?

అక్కడ నిజాం రాజ్యం, పరిస్థితి వేరు. సభ పెట్టాలన్నా అనుమతి కావాలి. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ని పుట్టకముందే నిషేధించారు. అయినా స్వామి రామానందతీర్థ లాంటివాళ్లు సత్యాగ్రహం చేసి జైళ్లకి వెళ్లారు. అదే ఏడాది ఉస్మానియా విద్యార్థులు హాస్టళ్లలో వందేమాతరం పాడారని బహిష్కరించారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేశారు, పి.వి. నరసింహారావుగారు వాళ్లలో ఒకరు. తర్వాత వచ్చిన సాయుధ రైతాంగ పోరాటం మరో పెద్ద కథ, దాన్ని ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పడం న్యాయం కాదు.

ఆ ఊళ్లు ఇప్పుడు ఏ జిల్లాల్లో ఉన్నాయి?

చీరాల బాపట్ల జిల్లాలో, పెదనందిపాడు గుంటూరు జిల్లాలో, హనుమంతు ఊరు పల్నాడు జిల్లా దుర్గి వైపు.

మా ఇంట్లో పెద్దవాళ్లని ఏం అడిగితే తెలుస్తుంది?

మీది ఆ చుట్టుపక్కల ఊరైతే, స్వాతంత్ర్యోద్యమం గురించి చెప్పు తాతయ్యా అని అడక్కండి, బడిలో చదివిన పాఠమే మళ్లీ చెప్తారు. మన ఊళ్లో మునసబు ఎవరు, ఆయన ఎప్పుడైనా ఉద్యోగం మానేశాడా అని అడగండి. జప్తుకి పోయిన బిందెల గురించి, తోలుకుపోయిన గొడ్ల గురించి నాయనమ్మ ఏమైనా చెప్పేదా అని అడగండి. అటక మీద పాత ట్రంకుపెట్టెలో కిస్తు రసీదులు ఉంటే తేదీలు చూడండి. ఏటా జనవరి, ఫిబ్రవరి రసీదులుండి 1922వి మాత్రం లేకపోతే, ఆ కాగితాలని జాగ్రత్తగా తీసిపెట్టండి.